హ్యాండిల్ తిప్పే పని

ఆ ఆదివారం పొద్దున ఆరున్నరకు బల్బు వెలిగింది.

"వెలిగింది," అన్నాను.

"గీత ఇంకా రానే లేదు. జర తొందరెక్కువైంది నీ బల్బుకు," అన్నాడు మా ఆయన, పాత అంబాసిడర్ కింద వెల్లకిలా పడుకుని.

జనగామలో మా వాకిట్లో నెలకోసారి జరిగే పని అది. ఇంజన్‌లో నిప్పురవ్వ పడాల్సిన సమయానికే పడుతుందో లేదో చూడటం. టైమింగ్ చూడటం అంటారు. డిస్ట్రిబ్యూటర్ తీగకు కట్టిన చిన్న బల్బు పైన నాకు కనిపించేది. పుల్లీ మీది గీత, దాని పక్కన బిగించిన గుర్తు ముల్లు కింద పడుకున్న ఆయనకు కనిపించేవి. బంపర్ రంధ్రంలోంచి హ్యాండిల్ దూర్చి నేను మెల్లగా తిప్పేదాన్ని. గీత ముల్లు దగ్గరికి వచ్చినప్పుడే బల్బు వెలగాలి. రెండూ ఒక్కరికే కనిపించవు.

"ఏమన్నా, వదినెతోని కారుల నీళ్లు తోడిపిస్తున్నవా?" అనేవాడు పక్కింటాయన.

"బిందె తీస్కొని రా, నీకూ పోస్తం," అని కారు కిందినుంచి జవాబు.

మా ఆయన పోయాక, దినాలనాడు, భూపాలపల్లి నుంచి వచ్చిన మరిది బండి తాళం అడిగాడు.

"నీకు తోలరాదు గద వదినా. ఊకె నిలవెడితే ఖరాబైతది."

"ఇక్కడనే ఉండనియ్యి. నెలకోపారి నువ్వొచ్చి కింద పండుకుంటే చాలు, నేను తిప్పుత," అన్నాను.

చుట్టాలు నవ్వారు. "గివన్ని ఇప్పుడెవరు చేస్తున్నరు వదినా? మెకానిక్ చప్పుడు విని సెట్ చేస్తడు," అన్నాడు.

దుఃఖంలో ఉన్న మనిషి ఏం అడిగినా దుఃఖంతో అడిగిందనే అనుకుంటారు. తాళం ఇచ్చాను. డిక్కీలో పెట్టిన హ్యాండిల్‌ను అతనే తీసి అరుగు మీద పెట్టాడు.

"గిదెందుకు, సెల్ఫ్ ఉంది గద."

మొన్న ఎండాకాలం మహబూబాబాద్‌లో చుట్టాల పెళ్లికి పోయాను. పెళ్లికొడుకు దిగింది ఆ బండిలోంచే. చప్పుడు మాత్రం దానిది కాదు. మరిది డీజిల్ ఇంజన్ వేయించాడట. దానికి నిప్పురవ్వతో పని లేదు, బల్బుతోనూ లేదు. బంతిపూల దండ పక్కకు జరిపి చూశాను. హ్యాండిల్ దూరే రంధ్రం మీద నంబరు ప్లేటు బిగించి ఉంది.

"మంచిగ చేయించిన గద వదినా?" అన్నాడు మరిది.

"మంచిగుంది," అన్నాను.

హ్యాండిల్ నా దగ్గరే ఉంది. మా వాకిట్లో ఇప్పుడు ఎవరూ టైమింగ్ చూడరు.