కాయ చూసే చేతులు

ఆ వేసవిలో ఒక శుక్రవారం, మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకు, సిస్టర్ సుగుణమ్మ మా అందరి చేతులూ కట్టేసింది. చిత్తూరులో నేను ఆయాగా పనిచేసిన ఆసుపత్రిలో జరిగిన సంగతి ఇది. నిన్న తోపుడు బండి దగ్గర బేనీషా మామిడిపండొకటి నొక్కి, తొడిమ దగ్గర వాసన చూశాను. ఆ వాసనతో సిస్టర్ నవ్వు మళ్ళీ చెవిలో పడింది. ఆమెను మీరెవరూ చూడలేదు, అందుకే రాస్తున్నాను. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని, చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు.

ఆమె మా వార్డుకు పెద్ద నర్సు. లావుపాటి మనిషి. నవ్విందంటే పక్క వార్డు రోగులు లేచి కూర్చునేవారు. మామిడిపండ్ల కాలంలో ఆమె తెల్లచీర మీద రసం మరక లేని రోజు ఉండేది కాదు. మంచిది అని రాయను. మంచిది అంటే మెత్తనిది అనుకుంటారు. నేను పక్క సరిగ్గా దులపకపోతే నన్నే దులిపేది.

ఆ రోజుల్లో బంగారుపాళ్యం నుంచి మునెమ్మ అనే ముసలామెను కాలు విరిగిందని తెచ్చారు. కాలికంటే మతి ఎక్కువ చెదిరింది. కొడుకును ఎవరు నువ్వని అడిగేది. ఇప్పుడు దాన్ని జబ్బు అంటున్నారు. అప్పుడు చాదస్తం అనేవాళ్ళం, అంతే. దగ్గరికి పోయినవాళ్ళ చేతులు, బుగ్గలు గట్టిగా గిల్లేది. అందుకని గుడ్డ పట్టీతో ఆమె చేతులు మంచానికి కట్టేవాళ్ళం. కట్టినప్పటినుంచి ఆమె తిండి మానేసింది. గంజి పోస్తే ఉమ్మేసేది. శనివారంలోగా తినకపోతే ఇంటికి పంపేస్తానని డాక్టరు ప్రభాకరం చెప్పేశాడు. ఇంట్లో కొడుకూ కోడలూ కూలికి పోయేవాళ్ళు. పగలంతా ఆమెను గదిలో పెట్టి గొళ్ళెం వేస్తారు. అది మాకందరికీ తెలుసు.

గురువారం సిస్టర్ ఆమె ఒళ్ళు తుడవడానికి ఒక చెయ్యి విప్పింది. ఆ చెయ్యి సిస్టర్ జబ్బను పట్టి బొటనవేలితో నొక్కింది. తర్వాత మునెమ్మ ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. సిస్టర్ పగలబడి నవ్వి నాతో అంది.

"గిల్లేది కాదు మే చెంగమ్మా. కాయ సూస్తా ఉండాది."

సాయంత్రం కొడుకును అడిగితే, వయసంతా మామిడి మండీలో నొక్కి, వాసన చూసి కాయలు ఏరిందని చెప్పాడు. అయితే మాకేం, నొప్పి నొప్పే కదా అన్నాడు వార్డుబాయ్ నాగరాజు. నేనూ అదే అన్నాను. సిస్టర్ గుడ్డ పట్టీలు లెక్కపెట్టుకుంది. ఆమె లెక్కపెట్టిందంటే భయపడాలి.

మరునాడు మూడు గంటలకు మమ్మల్ని మునెమ్మ మంచం ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టింది. చెవుల్లో దూది, ఒక కంటి మీద దూది. డాక్టరునూ వదల్లేదు. ఒక్క అరగంట సార్ అని బతిమాలి కూర్చోబెట్టింది. మునెమ్మ చేతులు మాత్రం విప్పేసింది. తర్వాత మాతో మలయాళంలో గడగడా మాట్లాడటం మొదలుపెట్టింది. అరవమైతే చిత్తూరులో అందరికీ తెలుసు, అందుకే చదువుకునే రోజుల్లో తోటి నర్సుల దగ్గర నేర్చుకున్న మలయాళం ఎత్తుకుంది. చెప్పకుండా మొహాలు తడిగుడ్డతో రుద్దింది. చల్లారి ముద్దయిన గంజి గరిటెతో నోట్లో కుక్కింది. నాగరాజు మొదట ఇకిలించాడు, తర్వాత ఇకిలించలేదు. నర్సు గ్రేసమ్మ మొహం తిప్పుకుంది. నాకు ముక్కు దురద. గీరమని మొత్తుకుంటే సిస్టర్ నా తల నిమిరి, ఇంకో గరిటె కుక్కింది. ఒళ్ళు మండి ఆమె వేలు కొరికాను.

సిస్టర్ వేలు విదిలించుకుని, తెలుగులోకి వచ్చింది.

"సూసినారా సార్, చెంగమ్మకి మతి సెడింది. కట్టేసింది సాలలేదు."

డాక్టరు నవ్వబోయి, తల దించుకున్నాడు. అప్పుడు మంచం మీదినుంచి మునెమ్మ, ఆ గిన్నె ఇట్లా తెమ్మని చెయ్యి చాచింది. సిస్టర్ గిన్నె ఇచ్చి, నన్ను ఆమె పక్కన కూర్చోబెట్టింది. మునెమ్మ నా కట్లను తడిమి చూసింది.

"ఎవురు మే నిన్ను కట్టేసింది? నోరు తెరువు. మెల్లింగా మింగు, ఎవురూ తరమల్యా."

వేళ్ళతో ఒక ముద్ద నాకు పెట్టింది. మరొకటి తను తినింది. నాకొకటి, తనకొకటి. గిన్నె అడుగు కనబడేదాకా అట్లాగే సాగింది. డాక్టరు నమ్మలేక వంగి చూశాడు. మునెమ్మ ఆయన బుగ్గ నొక్కి వేలు వాసన చూసి, ఇంకా కాయే, గడ్డిలో మాగెయ్యండి అని తీర్పు చెప్పింది. సిస్టర్ నవ్వుకు కిటికీ రెక్కలు అదిరాయి. చేతులు వెనక్కి ఉండగా నవ్వితే బెంచీ మీదినుంచి పడతారని ఆ రోజే తెలిసింది. నాగరాజు పడ్డాడు.

మునెమ్మను శనివారం పంపలేదు. రోజూ ఆమె ఒడిలో ఒక గంప మామిడికాయలు పెట్టేవాళ్ళం. దగ్గరికి పోయేటప్పుడు ముందు మా చెయ్యి చాపి, చూడు అవ్వా అనేవాళ్ళం. నొక్కేది, వదిలేది. కాలి కట్టు విప్పాక కర్ర పట్టుకుని తన కాళ్ళ మీద నడిచి పోయింది. ఇంట్లోనూ గంప పెట్టమని, గొళ్ళెం వేయొద్దని సిస్టర్ కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. కోడలు కూలి మానలేక, పక్కింటామెను కూర్చోబెట్టిందట.

ఇప్పటికీ మా వీధిలో ఏ ముసలామె అయినా కొట్టిందనో ఉమ్మిందనో అంటే నన్ను పిలుస్తారు. నేను మందు చెప్పను. ముందు ఆమె చేతులు ఎక్కడున్నాయో చూస్తాను. ఆమె ఏ పని చేసి బతికిందో అడుగుతాను.

ఆ శుక్రవారం అక్కడున్నవాళ్ళం వీళ్ళం: డాక్టరు ప్రభాకరం, నర్సు గ్రేసమ్మ, వార్డుబాయ్ నాగరాజు, ఆయా చెంగమ్మనైన నేను. మా చేతులు కట్టి ఉన్నాయి. సిస్టర్ సుగుణమ్మ, మునెమ్మ. వాళ్ళ చేతులు విడిగా ఉన్నాయి.