రెండో ఎక్కం చెప్పిన ప్రోగ్రాం

నిన్న మా పాప స్కూల్ వాళ్ళు ఫోన్‌కి మెసేజ్ పెట్టారండీ, ఎల్.కె.జి. నుంచే కోడింగ్ నేర్పుతారంట. దానికింకా ఏ చెప్పు ఏ కాలికో తెలీదు! చదివి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే మా ఆడపడుచు గుర్తొచ్చింది.

అప్పటికి నాకు పెళ్ళయి కొత్త. పటమటలో మా అత్తయ్య నడిపే కర్రీ పాయింట్, దాని వెనకే ఇల్లు. తాలింపు వేస్తే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. మా ఆడపడుచు పాలిటెక్నిక్ చదివేది. సి ప్రోగ్రామింగ్ ల్యాబ్ పరీక్ష ఒకసారి పోయింది, మర్నాడు మళ్ళీ పరీక్ష. "ఈసారి కూడా పోయిందంటే పుస్తకాలు అటకెక్కించి కూరలు ప్యాక్ చెయ్యి" అని అత్తయ్య తేల్చేశారు. ఆవిడ అన్నారంటే చేస్తారండీ. నేనా టెన్త్‌తో ఆగిపోయినదాన్ని, ఆ పిల్ల కూడా నాలా ఆగిపోకూడదని నా ఆరాటం.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రగా. మేట్రిక్స్ గుణకారమంట. నేను వెల్లుల్లి ఒలుస్తూ పక్కన చేరాను. ఏదైనా సంగతి తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. అదేంటమ్మా అంటే విసుక్కుంటూనే చెప్పింది. ఇక్కడ నాలుగు గడులు, అక్కడ నాలుగు గడులు. ఇందులో అడ్డవరస, అందులో నిలువు వరస పట్టుకుని, జతజతగా గుణించి కూడితే జవాబులో ఒక గడి నిండుతుంది. అట్లా నాలుగూ నింపాలి. అన్నిట్లో ఒకట్లే వేసింది కాబట్టి ప్రతి గడిలోనూ రెండే రావాలంట. "ప్రభువా" అని కళ్ళు మూసుకుని బటన్ నొక్కింది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వచ్చాయి.

"రెండో ఎక్కం! బానే చెప్పిందిగా" అన్నా.

"వదినా, నీకు దణ్ణం పెడతా, ఊరుకో."

"అది కాదు, మొదటి గడి కరెక్టేగా? మరి రెండోదానికేం రోగం?"

లోపల అత్తయ్య రాత్రి అమ్మకానికి బియ్యం కొలుస్తున్నారు. ఆవిడ కొలతలో ఒకటి అనరు, మొదటి డబ్బాని "లాభం" అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. ఏడుతో పెద్ద గిన్నె నిండిపోయి, రెండో గిన్నె ముందుకు లాక్కుని మళ్ళీ "లాభం" అన్నారు.

ఆడపడుచు తలెత్తింది. "అమ్మా, ఏడు తర్వాత ఎనిమిది కదా?"

"గిన్నె మారింది కనపళ్ళా? దీని లెక్క దీనిదే. మధ్యలో మాట్లాడించకే, తప్పుతా!"

"వదినా!" అని ఆ పిల్ల నా భుజం పట్టి ఊపేసింది. "కూడిన మొత్తాన్ని మొట్టమొదట ఒక్కసారి సున్నా చేసి వదిలేశా. గడి మారినప్పుడల్లా మళ్ళీ సున్నా చెయ్యాలి!" ఆ సున్నా చేసే ఒక్క లైనూ కిందకి జరిపి మళ్ళీ బటన్ నొక్కింది. నాలుగు గడుల్లో నాలుగు రెళ్ళు. ఒలిచిన వెల్లుల్లంతా నేలపాలు.

పరీక్ష పాసైంది. సంగతి విని అత్తయ్య, "నేను బియ్యం కొలిస్తే నువ్వు పాసయ్యావా? అయితే నువ్వు చదువుకుంటూ పో, నేను కొలుస్తూ ఉంటా" అన్నారు. ఇప్పుడా పిల్ల ఉద్యోగం చేస్తోంది. గడి మారితే సున్నా అయిపోవాలన్న మాట మాత్రం నాకింకా వింతేనండీ. మనకి రోజు మారినా సున్నా అవదు కదా, నిన్నటిది కాస్త అడుగున మిగిలే ఉంటుంది.