జ్ఞానయ్య మాస్టరు ఊదిన రోజు

మా వీధి కొళాయిలో నీళ్లు వచ్చే ముందు గాలి వస్తుంది. ఉస్సుమని కాసేపు, ఆగి మళ్లీ ఉస్సుమని. తిరుపతిలో ఉండేవాళ్లకు అంతకంటే మంచి కబురు లేదు, బిందెలు పట్టుకుని పరుగెత్తుతారు. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే ఒళ్లు జల్లుమంటుంది. చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేస్తాను. "గాలికి గూడా బయపడతారా మామా?" అని మా కోడలు నవ్వుతుంది. దానికేం తెలుసు? నా పడుచు వయసులో, పట్టపగలు, చంద్రగిరి రోడ్డు మీద అచ్చం అలాంటి చప్పుడే విన్నాను. ఆ రోజు తగిలిన దెబ్బ ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ చప్పుడు జ్ఞానయ్య మాస్టరుది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బర్మాలో రంగూన్ మీద బాంబులు పడ్డాక అక్కడి మనవాళ్లు ఎందరో కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చేశారు. వాళ్లలో ఆయన ఒకరు. పాకాలలో రైల్వే స్టేషను వెనక వాళ్లక్క ఇంట్లో దిగారు. వెంట తెచ్చుకున్నది ఒక్క ట్రంపెట్టు. మేము దాన్ని బూర అనేవాళ్లం. రంగూన్ హోటళ్లలో దొరల నాట్యాలకు ఆయన జాజ్ వాయించేవారట. ఓడలో వచ్చిన ఒక నల్ల అమెరికా ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకున్నానని చెప్పేవారు. నేనప్పుడు పగలు రైలింజన్లు తుడిచేవాణ్ణి, పెళ్లిళ్లకు బ్యాండులో బూర ఊదేవాణ్ణి. మా బ్యాండువాళ్లం ఆయన్ని మాస్టరుగా పెట్టుకున్నాం.

ఆయన పాఠమంతా నోటితోనే. "తా రబదా, తర దా" అంటూ పాట మొత్తం పాడేవారు, మేము ఊదాలి. మొదటిసారి ఉన్నది ఉన్నట్టు ఊదాలి. రెండోసారీ అలాగే ఊదితే చెయ్యెత్తి ఆపేసేవారు.

"పోయిన దావనే మళ్లా వస్తావేందప్పా మునస్వామీ? ఇంటికి ఇంగో దావ లేదా?"

"దావ తప్పిపోతే, మాస్టరూ?"

"తప్పిపో. ఇల్లు యాడుండాదో తెలిసినోడు ఎట్లయినా వస్తాడు."

నాకు తల తిరిగిపోయింది. నేర్పిన పాటను పొల్లుపోకుండా అప్పజెప్పడమే బ్యాండు అనుకునే మనుషులం మేము. పాటను విడిచి బయటికి పోవచ్చనీ, అందులో తప్పు లేదనీ చెప్పినవాడు అంతకుముందు ఎవడూ లేడు.

ఒక్కటే విచిత్రం. ఆయన రోజూ బూరను చింతపండుతో తోమి, గుడ్డతో తుడిచి, ఒళ్లో పెట్టుకు కూర్చునేవారు. పెదాలకు మాత్రం ఆనించేవారు కాదు. పెద్ద విద్వాంసులు కుర్రకుంకల ముందు వాయించరులే అని మేము సరిపెట్టుకున్నాం, పైగా అదొక గొప్పగా చెప్పుకున్నాం. ఊరు అంత మంచిది కాదు. "ఊదనోడు ఏం నేర్పతాడు?" అని గొణుగుడు మొదలైంది. ఇద్దరు ముగ్గురు తమ పిల్లల్ని మాన్పించేశారు. ఆయనకున్నదల్లా మాస్టరన్న ఆ పేరే, అది పోతే అక్క ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ మాటలు వింటే మా పెద్ద డోలు చెంగల్రాయుడికి ఒళ్లు మండిపోయేది.

చంద్రగిరిలో ఒక పెద్ద రైతు ఇంటి పెళ్లికి పోయాం. మాది ఆడపెళ్లివారి మేళం. మగపెళ్లివారు వేలూరు వైపు నుంచి సొంత మేళంతో మధ్యాహ్నం బండికి దిగారు. అప్పట్లో మా వైపు ఎదురుకోలులో రెండు మేళాలూ రోడ్డు మీద ఎదురెదురుగా నిలబడి పోటీపడేవి. ఒకటి పక్కకు తప్పుకునే దాకా పెళ్లికొడుకు కదలడు. దానికో కట్టుబాటు ఉంది. అవతలి గురువు తానే ముందుకొచ్చి ఊదితే ఇవతలి గురువే బదులివ్వాలి. శిష్యుణ్ణి పంపితే అవమానించినట్టే. అందుకే బుద్ధున్నవాళ్లు గురువుల జోలికి పోరు. మా చెంగల్రాయుడు పోయాడు.

"మీ గురువును రమ్మనండప్పా, సూద్దాం! మా మాస్టరు రంగూన్లో దొరల్నే ఆడించినాడు!" అని డోలు మీద ఒక్కటి వేశాడు.

మాస్టరు మొహం పాలిపోయింది. "ఎంత పని చేస్తివప్పా," అని మాత్రం అన్నారు.

అవతలి గురువు తెల్లమీసాల పెద్దాయన. క్లారినెట్టు పట్టుకుని ముందుకొచ్చి ఒక పాట ఎత్తుకున్నాడు. పొడుగ్గా ఒక స్వరం, వెంటనే పొట్టిగా రెండు. మళ్లీ పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. ఊది ఆపాడు. జనమంతా మావైపు తిరిగారు. పెళ్లికూతురి నాయన అరిచాడు. "ఏం మాస్టరూ, నిలబడిపోయినావే? మా పరువు తీస్తావా? ఊదు!"

మాస్టరు సంచిలోంచి బూర తీసి పెదాలకు ఆనించారు. ఇన్నాళ్లకు వినబోతున్నానని నేను ఊపిరి బిగబట్టాను. ఉస్స్స్. ఉస్ ఉస్. వట్టి గాలి. ఆగి మళ్లీ ఊదారు. ఉస్ ఉస్. ఉస్స్స్. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. మగపెళ్లివారిలో ఎవరో పకపకా నవ్వారు. చెంగల్రాయుడి చేతిలోంచి డోలు కర్ర జారి పడింది. ఈయన మమ్మల్ని ఇన్నాళ్లూ మోసం చేశాడా అనిపించింది.

అప్పుడాయన బూర నా చేతికిచ్చి, నోట్లో వేళ్లు పెట్టి, పై పళ్ల వరుస మొత్తం బయటికి లాగేశారు.

ఒక ఆడమనిషి కెవ్వుమంది. అవి కట్టుడు పళ్లు. వాటిని రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నారు. పెదవి లోపలికి పోయి, మా మాస్టరు మొహం ఎవరో ముక్కూమొహం తెలియని ముసలాయన మొహమైపోయింది.

"నన్ను సూడొద్దప్పా. ఇను," అన్నారు. మాట సగం గాలిలో పోయింది. ఆ బోసి నోటితోనే అవతలి గురువు పాట ఎత్తుకుని, ఉన్నది ఉన్నట్టు ఒకసారి, మార్చి ఒకసారి పాడారు. బదులిచ్చింది గురువే కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. ఆయన గొంతు వెంటే నేను ఊదాను. కాసేపటికి ఆయన పాడటం ఆపేశారు. నేను ఆపలేదు. దావ తప్పాను, నిజంగానే తప్పాను, ఎట్లాగో ఇంటికొచ్చి పడ్డాను. తెల్లమీసాల పెద్దాయన క్లారినెట్టు చంకలో పెట్టుకుని, తన వాళ్లను రోడ్డు పక్కకు జరగమన్నాడు.

గెలిచామని మేళం మోగిద్దామనుకునే లోపే పెళ్లికూతురి నాయన మా మీదికొచ్చాడు. "శుభమా అని పెండ్లి జరగతా ఉంటే బోసి నోరు సూపిస్తావా? ఇంగ మా గడప తొక్కొద్దు" అన్నాడు. భోజనం కూడా చెయ్యకుండా స్టేషనుకు వచ్చేశాం. పాకాల బండి కోసం కూర్చున్నప్పుడు చెంగల్రాయుడు తలెత్తలేదు. నేనే అడిగాను.

"పండ్లు యాడ పోయినాయి మాస్టరూ?"

"నడిచొచ్చే దావలో. దొంగలు పడినారు. బూర ఇమ్మన్నారు. ఇయ్యనంటి. తుపాకీ మడమతో మూతి మీద గుద్దినారు." ఒళ్లోని బూరను గుడ్డతో తుడిచారు. "బూరను కాపాడుకున్నా గదప్పా."

అని నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ముందు పళ్లు లేని నోటికి బూర పలకదు, కట్టుడు పళ్లు ఆ ఒత్తిడికి నిలవవు. ఆ సంగతి దెబ్బ తిన్న క్షణంలోనే ఆయనకు తెలిసుంటుంది. అయినా దాన్ని మోసుకుని కొండలు దాటి వచ్చారు.

తర్వాత చాలామంది మానేశారు. నేనూ చెంగల్రాయుడూ మిగిలాం. ఇంక దాచేదేముందని, బతికినన్నాళ్లూ మాకు కట్టుడు పళ్లు తీసేసే పాఠం చెప్పారు. నేను ఇప్పటికీ ఏ పాటైనా ముందు నోటితో పాడుకోనిదే ఊదను. మాస్టరు వాయించగా ఒక్కసారైనా వినలేదే అన్న దిగులు మాత్రం ఉండిపోయింది.

మొన్న కొళాయి గాలి వింటూ, తెలియకుండానే గ్లాసు మీద వేలితో కొడుతున్నాను. ఉస్స్స్, ఉస్ ఉస్. పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. అది తెల్లమీసాల పెద్దాయన పాట! మాస్టరు మొదటిసారి ఊదింది ఉన్నది ఉన్నట్టు అదే. రెండోసారి ఊదింది తిరగేసి, పొట్టివి ముందు, పొడుగుది వెనక. స్వరం లేదు, జనం నవ్వుతున్నారు, అయినా ఆయన పోయిన దావన తిరిగి రాలేదు. నేను పక్కనే నిలబడి అంతా విన్నాను, అది పాటని తెలియక ఇన్నేళ్లు దిగులుపడ్డాను.

మా కోడలు కొళాయి కట్టేయబోయింది. "ఉండమ్మా," అన్నాను, "కాసేపు ఊదనీ."