బ్రేకు దీపంలో నీళ్లు

మొన్న ఉదయం చెత్తబుట్టని రోడ్డు పక్కకి లాగుతుంటే, డ్రైవ్‌వేలో ఉన్న మా అబ్బాయి కారు వెనక దీపం మీద నా కళ్లు పడ్డాయి. ఎర్ర అద్దానికి లోపలివైపు చెమట పట్టినట్టు సన్నటి బొట్లు, కింది మూలలో చిన్న మడుగు. గుండె ఝల్లుమంది. నవ్వకండి, ఈ దేశమొచ్చి ఫార్మింగ్టన్ హిల్స్‌లో నాతోపాటే తల నెరిసిన మీ అందరికీ బీపీ, షుగరు రిపోర్టులు చూస్తే గుండె జారుతుంది, నాకు మాత్రం దీపంలో నీళ్లు కనిపిస్తే చాలు. వాడు తాళాలు ఊపుకుంటూ వచ్చి, "జస్ట్ ఫాగ్ అమ్మా, అదే ఆరిపోతుంది" అన్నాడు. ఇలాంటి ధీమాయే ఒకప్పుడు మా బావగారిదీ.

కార్లకి ఎల్ఈడీ దీపాలు కొత్తగా వస్తున్న రోజులవి. నేను కారు దీపాలు చేసే ఒక కంపెనీ ల్యాబులో పనిచేసేదాన్ని. వాటి మీద గంటల తరబడి నీళ్లు కొట్టి, లోపలికి చుక్క దిగిందేమో చూడటమే నా ఉద్యోగం. మావారి అన్నగారు, అంటే మా బావగారు, ఇంజన్ల మనిషి. అప్పట్లో ఇక్కడి మన ఇళ్లలో అందరూ కార్ల ఇంజనీర్లే కదా, సొంత కారుని మెకానిక్‌కి అప్పగించడమంటే మహా నామోషీ. ఆయన కారు కుడి దీపంలో తడి చేరితే, సందులు మూసే సిలికాన్ జిగురు ట్యూబు కొనుక్కొచ్చి చుట్టూ దట్టంగా పూసేశారు, వెనకున్న గాలి రంధ్రంతో సహా. అంతటితో ఆగక, ముందుజాగ్రత్తంటూ శుభ్రంగా ఉన్న ఎడమ దీపానికీ అదే వైద్యం చేశారు. పైనున్న మూడో బ్రేకు దీపం ఎప్పుడో పోయింది, రెండున్నాయి చాల్లే అనేవారు. పాత బల్బుల వేడికి తడి ఆరిపోయేది, ఈ ఎల్ఈడీలు అంత వేడెక్కవు, పైగా గాలి పోయే దారి మూసేస్తే చల్లబడ్డప్పుడల్లా సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటాయని నేను మొత్తుకున్నాను. లైట్ల డాక్టరమ్మ మొదలెట్టిందని అందరూ నవ్వేశారు.

మీకు గుర్తుండే ఉంటుంది, ఫోన్లు దారి చూపించని ఆ రోజుల్లో ఎక్కడికెళ్లినా కార్లన్నీ వరసగా వెళ్లేవాళ్లం. దారి తెలిసినవాళ్లు మా వెనకే వచ్చెయ్యండి అంటే చాలు, మిగిలినవాళ్లం మ్యాపు కూడా చూడకుండా ముందు కారు ఎరుపునే పట్టుకుని పోయేవాళ్లం. ఒక ఆదివారం అలాగే ఆపిల్ తోటకి బయల్దేరాం. ముందు బావగారు, ఆయన వెనక మా చెల్లెలు, చివర మావారూ నేనూ. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న చెల్లెలు, తన డబ్బుతో కొనుక్కున్న పాత కారులో ఒక్కతే, రేడియో పెట్టుకుని మహారాణిలా బయల్దేరింది. సగం దారిలో వాన పట్టుకుంది. రెండువైపులా కోతలైపోయిన మొక్కజొన్న చేలు, ఆకాశమూ నేలా కలిసిపోయిన బూడిద రంగు, ఎదురుగా ఒక్క కారు లేదు. ఒక వంపులో, చెల్లెలి కారుకి అవతల, బావగారి కారు నెమ్మదించడం కనిపించింది గానీ ఎరుపు కనిపించలేదు. బావగారికి ఫోనే లేదు. చెల్లెలికి చేస్తే, కారు నడుపుతూ ఫోను ముట్టని నియమం దానిది, ఎత్తలేదు. దాటి వెళ్దామంటే సన్నటి రోడ్డు, వంపు మీద వంపు. నడిపేవాళ్లకి తమ వెనక దీపం కనిపించదు కదా, బావగారు నిశ్చింతగా పోతూనే ఉన్నారు. ఇంకో వంపు తిరగ్గానే చేలోంచి ట్రాక్టరు అడ్డంగా వచ్చింది. ఆయన ఆపారు. చెల్లెలు ఆఖరి క్షణంలో స్టీరింగు తిప్పేసి గోతిలోకి పోయింది.

బావగారి కారుకి గీత కూడా పడలేదు. చెల్లెలికి భుజం ఎముక విరిగింది, ప్రాణం దక్కింది. కానీ ఆసుపత్రి వరండాలోనే అందరూ తీర్పు చెప్పేశారు: కొత్త డ్రైవరు, రేడియో ధ్యాస, ముందు చూసుకోలేదని. ఎరుపు వెలగకపోవడం నేనూ చూశానంటే, మళ్లీ లైట్ల డాక్టరమ్మ మొదలెట్టిందన్నారు. వెచ్చటి గరాజులో బావగారు బ్రేకు తొక్కి చూపిస్తే దీపాలు రెండూ భేషుగ్గా వెలిగాయి కూడానూ. మంచం మీద చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, లైటు వెలగలేదే. నేను చూస్తూనే ఉన్నా" అంది. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. తిన్నగా ఆ గరాజుకే వెళ్లి, డిక్కీ లోపలి అట్ట పీకి, నట్లు విప్పి, దీపాన్ని బయటికి లాగి అందరి ముందూ వంచాను. నీళ్లు బుడబుడమంటూ నేల మీద పడ్డాయి. వైర్లు తగిలే పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వెచ్చటి గరాజులో వెలిగినా, వానలో కుదుపులకి ఆరిపోవడానికి ఆ చిలుము చాలు. ఎడమదీ అంతే. బావగారు ఆసుపత్రికి వెళ్లి, "తప్పు నాదేనమ్మా" అని చెల్లెలితో చెప్పారు.

అందుకే మొన్న మా అబ్బాయి చేతిలో తాళాలు లాక్కున్నాను. దీపం ఊడదీయించి, నీళ్లు వంపి, పూర్తిగా ఆరబెట్టి, చిలుము గీకి, వెనక కొత్త రబ్బరు పట్టీ వేయించి, గాలి రంధ్రానికి అడ్డుపడిన మట్టి తీయించాను. పైనుంచి పైపుతో నీళ్లు కొట్టి, లోపల చుక్క లేదని చూసుకున్నాకే వాణ్ణి కదలనిచ్చాను.

ఇప్పుడు ఎవరి దారి వాళ్ల ఫోనులో ఉంది. ఎవరి వెనకా ఎవరూ వెళ్లక్కర్లేదు, విడివిడిగా వెళ్లి విడివిడిగా వచ్చేస్తున్నాం. వరసగా పోయే ఆ ప్రయాణాల సందడి తలుచుకుంటే ఇప్పటికీ బెంగగానే ఉంటుంది. చెల్లెలు మాత్రం మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. తప్పు నీది కాదే అన్నప్పుడల్లా, అవునక్కా నాది కాదు అంటుంది. అయినా నా పక్క సీట్లో కూర్చున్నంతసేపూ ముందు కారుమీంచి చూపు తిప్పకుండా, లేని బ్రేకుని కుడికాలితో తొక్కుతూనే ఉంటుంది.