పంచాయతీ నెట్టు పెట్టెకు నా సంతకం

సర్కారు ఇంటర్నెట్ కేబులు మా పల్లెకు వేసేటప్పుడు నా శెనక్కాయల చేను మధ్యలో కాలువ తీయనిచ్చాను. పంచాయతీ ఆఫీసులో నెట్టు వస్తే పొలం కాగితాలకు ఐరాల మండలాఫీసు దాకా పోయే పని ఉండదన్నారు. ఆరేళ్లయింది. ఇంకా ఐరాలకే పోతున్నాను.

ఈ రోజు ఆ పనిని తనిఖీ చేయడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆఫీసు గోడకున్న నెట్టు పెట్టెను ఫోటో తీసుకుని, ఊరి తరఫున సాక్షి సంతకం పెట్టమని నాకొక కాగితం ఇచ్చాడు. చదివి వినిపించమన్నాను. నెట్టు బాగా పనిచేస్తోందని రాసి ఉందట.

“పెట్టె మీద లైటు వెలుగుతా ఉండాది కదా పెద్దాయనా, ఇంకేం కావాల?” అన్నాడు.

“లైటు మా ఆవుల కొట్టంలో కూడా వెలుగుతాదప్పా. నెట్టు యాడుండాదో సూపించు, పెడతా.”

చూపించలేదు. ఆ ఫోటోను పై ఆఫీసుకు పంపడానికి సిగ్నల్ కోసం సొంత ఫోను పట్టుకుని మిద్దె ఎక్కాడు. అతను దిగి వచ్చేలోగా కాగితం మీద ‘నెట్టు లేదు’ అని రాసి, కింద సంతకం పెట్టాను. నాకొచ్చిన అక్షరాలు తక్కువే గానీ, ఆ రెండు మాటలకు సరిపోయాయి.

“ఇది పంపిస్తే పైవాళ్లు నన్ను అడుగుతారు పెద్దాయనా!”

“అడగనీప్పా. అడిగేదానికే గదా నిన్ను పెట్టింది.”

కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. నేను చెబితే మా మనవడు ఇది ఫోనులో రాసి పెట్టాడు. మీ ఊరి పెట్టెకు ఎవరు సంతకం పెట్టారో మీరూ కనుక్కుని ఈ పోస్టు కింద రాయండి. నా కాగితం పైకి చేరిందో లేదో మాత్రం ఆ ఆఫీసరే వచ్చే సోమవారంలోగా వచ్చి నాకు చెప్పాలి.