ఆ పాటలో డ్రమ్ములు ఆగే చోటు

మా చిన్నప్పుడు కొండ మీద ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాళ్లం కాదు... మంచు కమ్మినప్పుడైతే అసలే వద్దు. పేరు కొండ చెవిన పడితే ఆ మనిషిని తన దగ్గరే ఉంచేసుకుంటుందని మా మామ్మ చెప్పేది.

అందుకని అరకు కొండల్లోని మా ఊళ్లో ఇంటికో కూత ఉండేది. మాటలుండవు, ఉత్త రాగమే. మా ఇంటి కూత కింద నుంచి మెల్లగా లేచి, పైపైకి పోయి, టక్కున ఆగిపోయేది. అది ఆగిన చోట అవతలి మనిషి "ఓ... ఓ" అని పలకాలి. పలికితే ఇక బెంగ లేదు, వచ్చేవాళ్ల కోసం అంబలి ముంతలో పోసి ఉంచేవారు.

మీలో చాలామందికి మా ఇంటి కూత తెలుసు. తెలుసన్న సంగతే మీకు తెలీదు, అంతే...

ఆ పాత రాక్ పాట ఉంది కదా, కాలేజీ ఫెస్టుల్లో ఇప్పటికీ వాయిస్తారు. మధ్యలో డ్రమ్ములు ఆగిపోతాయి. గిటారు ఒక్కటే పైకి పోయి, అదీ ఆగుతుంది. ఆ ఖాళీలో జనమంతా "ఓ... ఓ" అని అరుస్తారు. అలిగి వెళ్లిపోయిన ప్రియురాలి కోసం కట్టిన పాట అని మొన్న ఇక్కడే ఎవరో పోస్టు పెట్టారు. కింద లవ్ సింబల్సు బోలెడు. అది చూశాక మనసు మనసులో లేదు, అందుకే రాస్తున్నాను.

ప్రియురాలూ లేదు, పాడూ లేదు. అది మా అక్క కోసం అమ్మ వేసిన కూత.

నా చిన్నప్పుడు ఒక చలికాలం పొద్దున అక్క మేకల్ని తోలుకుని కొండెక్కింది. వచ్చాక తాగుతానని అంబలి కూడా ముట్టలేదు. ఎంత పొద్దెక్కినా మంచు విడలేదు. మధ్యాహ్నానికి మేకలు వాటంతట అవే దిగి వచ్చేశాయి... వెనకాల అక్క లేదు.

అమ్మ గట్టెక్కి కూతేసింది. ఆగింది. మేమంతా ఊపిరి బిగబట్టాం. కింద గెడ్డ పారుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. మళ్లీ వేసింది, మళ్లీ ఆగింది... ఆ ఆగడం ఉంది చూశారూ, దాన్ని భరించడం ఎవరి వల్లా కాలేదు.

అప్పట్లో కాఫీ తోట బంగళాలో విశాఖపట్నం కుర్రాడొకడు దిగాడు. కాళ్లకి బలపాలు కట్టుకున్నట్టు గిటారు భుజాన వేసుకుని కొండలన్నీ తిరిగేవాడు. గిటారన్న అనేవాళ్లం. సంగతి తెలిసి ఆ గిటారు మా అరుగు మీద పడేసి, నాన్నతో పాటు వెతకడానికి పోయాడు. ముళ్లు గీరుకున్నా లెక్కచేయకుండా, గొంతు పోయేదాకా మా ఇంటి కూత వేస్తూ తిరిగాడు. అది కాదనను.

పొద్దు వాలుతుంటే అమ్మ ఓర్చుకోలేకపోయింది. కూత మానేసి అక్కని పేరు పెట్టి పిలిచేసింది. మామ్మ పరుగున వచ్చి నోరు మూసింది.

"పేరెట్టి పిలవకే... కొండ ఇనేత్తాది" అని ఏడ్చింది.

అమ్మ ఆ చెయ్యి లాగిపారేసి మళ్లీ పిలిచింది.

అక్క దొరకలేదు. ఆ రోజూ దొరకలేదు, ఆ తర్వాతా దొరకలేదు. గెడ్డలో పడిపోయి ఉంటుందన్నారు. అమ్మ పేరు పెట్టి పిలవబట్టే కొండ ఉంచేసుకుందని అన్నవాళ్లూ ఉన్నారు. అమ్మ ఆ మాటే నమ్మింది. నేను నాలుగు ముక్కలు చదువుకుని పిల్లలకి సైన్సు చెబుతున్నదాన్ని... అయినా అక్క పేరు ఇక్కడ రాయడానికి చేతులు రావడం లేదు.

అప్పటి నుంచి మంచు కమ్మిన ప్రతి పొద్దునా అమ్మ గట్టెక్కి కూతేసేది. ఆగి, చెవొగ్గి నిలబడేది. తర్వాత దిగొచ్చి పొయ్యి రాజేసేది.

కొన్నేళ్లకి ఆ రాక్ పాట వచ్చింది. ఈ రాగం అరకు మంచులో నాకు దొరికిందని గిటారన్న టీవీలో నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. దొరకడానికి అదేమైనా దారిలో రాలిన పనసపండా... మా అమ్మ గొంతు నాయనా అది!

అమ్మకి మాత్రం చెప్పలేదు.

పోయిన చలికాలం సెలవలకి ఊరెళ్లాను. ఘాట్ రోడ్డు మలుపులో అమ్మ మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతుంటుంది. పక్కనే కూర్చున్నాను. మంచులో టూరిస్టు బస్సొకటి మెల్లగా వచ్చింది, లోపల ఆ పాట మోగుతోంది. మమ్మల్ని దాటుతుండగా డ్రమ్ములు ఆగాయి. గిటారు పైకి పోయి ఆగింది. బస్సులో పిల్లలంతా "ఓ... ఓ" అని పలికారు.

అమ్మ విసనకర్ర పడేసి పరిగెత్తింది. ఆ వయసులో, చెప్పుల్లేకుండా, బస్సు వెనకాల... నేను అందుకునేసరికి రోడ్డు మీద కూలబడి ఉంది.

"పలికినాదే... నా కూతురు, నా గుంట పలికినాదే" అంటోంది.

ఆ రోడ్డు మీదే అంతా చెప్పేశాను. అది ఒట్టి పాటేనని, గిటారన్న మన కూత పట్టుకుపోయాడని. అతన్ని పట్టుకుని నిలదీస్తాననీ, పాటలోంచి ఆ ముక్క తీయించేస్తాననీ ఏవేవో అన్నాను. అమ్మ నన్ను పట్టించుకోలేదు, బస్సు పోయిన వైపే చూస్తూ కూర్చుంది. అరికాళ్ల మట్టి దులుపుకుంటూ అంది.

"తీయించి ఏటి సేత్తావు? ఇన్నేళ్లు నాను కూతేత్తే ఒక్కలూ పలకలేదు. ఇప్పుడు ఎవులో ఒకలు పలుకుతన్నారు గదే."

అమ్మని లేపి మలుపు దాకా తీసుకొచ్చి, విసనకర్ర చేతికిచ్చాను.

ఇప్పుడు మా ఊళ్లో కూతలు లేవు. పిల్లల జేబుల్లో ఫోన్లున్నాయి, తల్లులు మిస్డ్ కాల్ ఇస్తారు. సిగ్నల్ లేకపోతే గట్టెక్కి సిగ్నల్ వెతుక్కుంటారు. ఏ ఇంటి రాగం ఏదో చెప్పగలిగిన ముసలివాళ్లు ఒకరిద్దరే మిగిలారు. మీ ఇంట్లో మిమ్మల్ని ఎలా కేకేసేవారో గుర్తుందా? ఉంటే కింద రాయండి, అన్నీ చదువుతాను...

ఈసారి ఎక్కడైనా ఆ పాట వినబడి, డ్రమ్ములు ఆగితే మాత్రం సిగ్గుపడకండి. మా వైపు ఘాట్ రోడ్డు మీదైతే ఇంకా గట్టిగా పలకండి. అమ్మ ఆ మలుపులోనే కూర్చుని ఉంటుంది.