రేగడి వంక సీసాలు

1979 జూన్‌లో నన్ను ఆళ్లగడ్డ సెక్షన్‌కు గేజీ రీడర్‌గా వేశారు. ఏడో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది. ఆ తర్వాత నన్ను నమ్మింది సర్కారు ఒక్కటే, అదీ ఎప్పుడైనా తీసేయగల వర్క్‌చార్జ్‌డ్ ఉద్యోగంతో. కుందూ నదిలోకి ఏ వైపు నుంచి ఎక్కువ ఒండుమట్టి కొట్టుకొస్తోందో తేల్చడం మా పని. ఆ వైపు తేలితే అక్కడ కట్టలు వేస్తారు, చెట్లు నాటుతారు, మేకలను రానివ్వరు.

నా వంతుకు రెండు వంకలు వచ్చాయి. ఒకటి తూర్పు కొండ నుంచి దిగే ఎర్రనీళ్ల వంక. రెండోది దొర్నిపాడు వైపు నల్లరేగడి చేల మధ్య పారేది. వాన పడి వంక పొంగినప్పుడు, నీళ్లు దిగకముందే సీసా ముంచాలి. వంకలో పాతిన గేజీ రాయి మీద నీటి మట్టం చూసి, సీసాకు చీటీ అంటించి తేదీ, గంట రాయాలి. సీసాలు బస్సులో నంద్యాల చేరాక అక్కడ నీళ్లు వడగట్టి, మిగిలిన మట్టిని ఆరబెట్టి తూకం వేసేవారు.

నా కాపురం కొండ వంక పక్కనే. వాన మొదలైతే గొడుగు దొరికేలోపు ఒడ్డున ఉండేవాణ్ణి. రేగడి సంగతి వేరు. తడి రేగడిలో పది బారలు పోయేసరికి చక్రాలకు మట్టి పట్టి, సైకిలే నా మీద ఎక్కేది. అందుకని మరునాడు దారి కాస్త ఆరాక పోయి, తేటబడిన నీళ్లు ముంచేవాణ్ణి. ఒడ్డు మీద నురుగు ఆనవాలు చూసి మట్టం వేసేవాణ్ణి. చీటీ మీద మాత్రం వాన పడిన నాటి గంటే రాసేవాణ్ణి. రెండు వానాకాలాలు ఇట్లే గడిచాయి.

1981 వేసవిలో తూకాల పట్టిక తయారైంది. కొండ వంకదే పైచేయి. కొండవాలులో మేపు ఆపాలని ప్రతిపాదన రాశారు. ఊళ్లో ముందే చెప్పి రమ్మని మా జూనియర్ ఇంజనీరు నన్ను పంపాడు.

ఆ వాలులో మేకలు మేపేది మార్తమ్మ. భర్త పోయాక ఆ మందతోనే ఇల్లు నెట్టుకొస్తోంది. సంగతి విని ఆమె అరవలేదు.

“సీసాలప్పా, నా మేకలు అంత మన్ను తింటాండాయా?”

“తినేది కాదక్కా, వంకలోకి తోస్తాండాయి. పట్టికలో ఉండాది.”

“పట్టిక యాడిది? నువ్వు ముంచిన నీళ్లే కదా. వాన పడినప్పుడల్లా నువ్వు ఈడనే ఉంటావు, చూస్తాండా. ఆ పొద్దు రేగడి వంక కాడ ఎవురు ముంచినారప్పా?”

నేను సైకిలు తిప్పుకుని వచ్చేశాను.

మరునాడు నంద్యాల పోయి, నన్ను పంపిన ఇంజనీరుకే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చీటీల కట్ట చాలాసేపు తిరగేశాడు.

“ఎన్ని సీసాలయ్యా?”

“రేగడివన్నీ, సార్.”

“అంటే రెండేళ్లు మేం తూకం వేసింది నీ సోమరితనాన్నా?”

సైకిలు బరువు కూడా కలుపుకోమన్నాను. ఆయన నవ్వలేదు.

నాకు మెమో ఇచ్చాడు. ప్రతిపాదన ఆపమని పైకి రాశాడు. నన్ను తీసేయలేదు. ఆ రేగడిలో దిగేవాడు ఇంకొకడు దొరకలేదని నా అనుమానం. కొండ వంకకు వేరే మనిషిని పెట్టి, ఆ వానాకాలమంతా నన్ను రేగడి వంక ఒడ్డున గుడిసెలో ఉండమన్నాడు. మోకాటి బురదలో నిలబడి పొంగు మీదనే ముంచాను. తూకం వేస్తే నా సీసాలే బరువు. చేల గట్లు తెగి, వంక ఒడ్లు విరిగి పడిన మట్టి అది. కొండ నీళ్లకు రంగు ఎక్కువ, మట్టి తక్కువ.

మేపు ఆపమనే ఉత్తర్వు రాలేదు. కానీ నేను చెప్పిన కబురుకే భయపడి, మార్తమ్మ ఆ వేసవిలోనే సగం మందను సంతలో అమ్మేసింది. మళ్లీ ఆమెకు అంత మంద కూడలేదు.

తర్వాత కూడా చాలా ఏళ్లు సీసాలు ముంచాను. పోలేని రోజున రిజిస్టరులో ‘పోలేదు’ అని రాసి, మిగతా గడులు ఖాళీగా వదిలేవాణ్ణి. ఖాళీ గడి చూస్తే పైవాళ్లు తిడతారు. నింపిన గడిని నమ్ముతారు. తిట్లయితే పడేది నేనొక్కణ్ణే.